గలగలమన్న కందికాయ

రావికమతం కొండమీద పులి నా నోట్లో పంజా పెట్టిందని అనకాపల్లిలో అందరికీ చెప్పేను. నిజానికి అది పులి కాదు, మాకు ఏటా పసుపు అమ్మే ఆ కొండమీది అప్ప.

కొత్త పంట పండగకి రమ్మంటే ముందుగానే వెళ్లేను. ఆవిడ రోజూ పొద్దున్నే చేలో ఎండిన కందికాయని చెవి దగ్గర ఆడించి, పంట తయారైందని చెప్పే గింజల చప్పుడుకి పకపకా నవ్వేది. కొత్తల పండగనాడు అమ్మవారికి పెట్టందే అక్కడెవరూ కొత్త కందులు నోట పెట్టరు. ఆ సంగతి తెలియక నేనో పచ్చికాయ నోట్లో వేసుకున్నాను. కొరికేలోపే వేలు పెట్టి లాగేసింది!

“ఏటి తమ్ముడా, అమ్మోరికంటే నీకే ఆకలా?”

పండగనాడు అమ్మవారికి పెట్టేక, కొంగుముడి విప్పింది. అదే కాయ, ఎండిపోయి ఉంది.

“నీది నీకే దాసేను. ఇప్పుడు తిను.”

చెవి దగ్గర ఆడించేను. గలగలమంది. పకపకా నవ్వేనని రాద్దామనుకున్నాను గానీ, నిజానికి తినడం మరిచి దాన్ని మళ్లీ మళ్లీ ఆడిస్తూ కూచున్నాను.