రోబో మీద మోగిన అలారం

ఈ రోజు ఆత్మకూరులో మా అమ్మాయి కాలేజీలో ప్రాజెక్టులు చూపించే రోజు. తనది రిమోట్‌తో నడిచే రోబో. ఎదురుగా ఉన్నదంతా గోడ మీద లైవ్ వీడియోలో చూపిస్తుంది. కెమెరాగా వాళ్ళమ్మ ఫోన్ బిగించింది. ఆమె పోయినప్పటి నుంచి ఆ ఫోన్ బీరువాలోనే ఉంది. ఉదయగిరి నుంచి బస్సులో రోబోను ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది నేను కాబట్టి, వెనక బెంచీలో కూర్చోనిచ్చారు.

రోబో బల్లల కింద నుంచి చక్కగా వచ్చింది. మార్కులు వేసే సారు ముందుకు రాగానే ఫోన్‌లో అలారం మోగింది, గోడ మీద వీడియో ఆగిపోయింది. సారు వంగి చూశారు.

"'ఆయన మాత్ర' అని ఉండాదే. ఎవరమ్మా ఆయన?"

మా ఆవిడ నా పేరు ఎప్పుడూ పలకలేదు. ఫోన్‌లో కూడా రాయలేదని ఈ రోజే తెలిసింది. చెయ్యెత్తాను.

"బీపీ మాత్ర సార్," అని అమ్మాయి నావైపు తిరిగింది. "ఏసుకున్నావా నాన్నా?"

వేసుకోలేదు.

"ముందు ఏసుకోండి సామీ. రోబో యాడికీ పోదులే," అన్నారు సారు.

హాలంతా చూస్తుండగా వేసుకున్నాను. అప్పుడు సారు అమ్మాయితో, "వచ్చే వారం మళ్ళా చూపించు. ఈసారి మధ్యలో ఆగితే మార్కులు పోతాయి," అన్నారు.

తిరుగు బస్సులో అమ్మాయి మెల్లగా అడిగింది. "అలారం తీసేద్దామా నాన్నా?"

వద్దన్నాను.

ఇక్కడ ఇంజనీర్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అలారం తీయకుండా, వీడియో ఆగకుండా చేసే దారి ఏమైనా ఉందా?