తాడు చివర రత్న

నిన్న బంగారుపేట బజారులో కొత్త కొబ్బరి పీచు తాళ్ల వాసన తగలగానే నాకు మా స్కూలు మైదానం గుర్తొచ్చింది. మారికుప్పంలో నాతో చదివినవాళ్లారా, మన సైన్సు టీచర్ సుశీలమ్మ గుర్తున్నారా? ఘర్షణ పాఠం చెప్పడానికి మనల్ని ఎర్రమట్టిలోకి తీసుకెళ్లి, చెప్పులు విప్పించి, రెండు జట్లుగా లాగమని చేతికి తాడిచ్చారు.

మనలో రత్న బాగా లావు. అందరూ రాగిముద్ద అని ఏడిపించేవాళ్లు. ఆరోజు కూడా గోడ పక్కనే కూర్చుంది.

"నేను రాను టీచర్, అందరూ నగుతారు."

"రామ్మా. బరువుండేవాళ్ల కాళ్లు నేలని గట్టిగా పట్టుకుంటాయి, లాగితే అంత సులభంగా జారవు. తాడు చివర నిలబడేదానికి నీకంటే మంచోళ్లు యాడుండారు?" అన్నారు టీచర్. మోకాళ్లు వంచి వెనక్కి ఎలా వాలాలో చూపించారు.

స్కూల్ డే నాడు తాడు లాగే ఆటలో మనకు పోటీ పై తరగతి అక్కలు. ఈల వేయగానే అందరం ముందుకు జారిపోయాం. అందరికంటే ముందున్న నా కాలు మధ్యలో గీసిన గీతకు తగలబోయింది.

"ఇంగ అయిపోయె!" అని అరిచాను.

"వదలద్దండే! నేనుండాను!" అని వెనకనుంచి రత్న కేక వేసింది.

తాడు ఆగింది. తర్వాత కొంచెం కొంచెంగా మనవైపు వచ్చింది. గెలిచి, ఒకరి మీద ఒకరం మట్టిలో పడ్డాం.

ఆ సాయంత్రం ఇళ్లకు వెళ్తున్నప్పుడు, రోజూ అందరి వెనక తలవంచుకుని వచ్చే రత్న చేతులు ఊపుకుంటూ మన ముందు నడిచింది.