పైడమ్మ సంతకం

పన్నెండేళ్లుగా ఒక పుస్తకం బరువు మోస్తున్నాను. పుస్తకం నా దగ్గర లేదు. అది ఇప్పటికీ ఒడిశాలో, రాయగడలో మా తెలుగు సంఘం బీరువాలోనే ఉంది. నీలం అట్ట, వీపుకి ఎర్రగుడ్డ. అందులో ఒక పేజీ నేను రాశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. ముఖం తెలిసినవాళ్ల ముందయితే ఈపాటికి మాట మార్చేసేవాణ్ణి. ఆ విద్య నాకు బాగా వచ్చు.

అసలు సంగతికి వచ్చేముందు ఆ రోజుల గురించి కొంచెం చెప్పనివ్వండి. తప్పించుకోవడానికి కాదు. అవి నిజంగా బాగుండేవి. నేను రైల్వే గుమాస్తాగా రాయగడ వచ్చేసరికి స్టేషన్లో సగంమంది విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్లే. బజార్లో ఒడియా, సంతకి అల్లం, చింతపండు దించే కొండ ఆడవాళ్లతో వాళ్ల దేశియా భాష వచ్చీరాకుండా, ఆఫీసులో హిందీ, ఇంటికొస్తే తెలుగు. పిల్లలకి మాత్రం తెలుగు అక్షరం చెప్పే దిక్కు లేదు. అందుకని పదిమందిమీ కలిసి సంఘం పెట్టాం. గూడ్సు షెడ్డు వెనక, మా క్వార్టర్లకీ మున్సిపాలిటీ ఊడ్పు పనివాళ్ల ఇళ్లకీ మధ్య కొంచెం జాగా దొరికింది. ఆ ఇళ్లని అందరం ఉత్తినే లైను అనేవాళ్లం. లైన్లో ఉన్నదీ మన శ్రీకాకుళం, విజయనగరం జనమే.

ఆ జాగాలో పెంకుటిల్లు లేపింది పైడమ్మ. డబ్బున్న మనిషి కాదు. ఊడ్పు పనివాళ్లందరికీ పెద్ద. యాభై దాటిన మనిషి, నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చేది. లైను ఆడవాళ్లని వెంటేసుకుని నాలుగు ఆదివారాలు నాగావళి నుంచి ఇసక మోయించింది. మేం బాబులం గట్టు మీద నిలబడి లెక్క చూశాం. తడిసిన గంపలు, వాళ్ల పాటలు, మధ్యాహ్నం అందరం రాళ్ల మీద కూర్చుని తిన్న చోడి అంబలి ఇప్పటికీ నా కళ్లముందే ఉన్నాయి. కార్యవర్గం వేసుకున్నప్పుడు ఏడో మనిషిగా పైడమ్మ ఉండాలని అధ్యక్షుడుగారే అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. నన్ను కార్యదర్శిని చేశారు, నా దస్తూరీ బాగుంటుందని.

సమావేశాల్లో ఆమెకి టీ వేరే గ్లాసులో ఇచ్చేవాళ్లం. ఇది రాస్తుంటే ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు ఎవరికీ ఏమీ అనిపించలేదు. నాకూ అనిపించలేదు.

పొద్దున్న బాలవాడి, సాయంత్రం ఆడవాళ్లకి అక్షరాల తరగతి. ఆ తరగతి నేనే చెప్పేవాణ్ణి. ముప్పైమంది వచ్చేవాళ్లు, పలక పట్టుకోవడానికే సిగ్గుపడి నవ్వేవాళ్లు. పైడమ్మ మూడు వారాల్లో పేరు రాయడం నేర్చుకుంది. జీతాల రోజున మున్సిపాలిటీలో వేలిముద్ర వెయ్యనని చెప్పి, కలం అడిగి పుచ్చుకుని, అక్కడి గుమాస్తా ముక్కున వేలేసుకునేలా సంతకం పెట్టి వచ్చింది. ఆ సాయంత్రం లైనంతా జీళ్లు పంచింది. నాకు ఒక పొట్లం ప్రత్యేకంగా కట్టి తెచ్చింది. అంత సంతోషం నేను చేసిన ఇంకే పనిలోనూ చూడలేదు.

ఇప్పుడు మా మినిట్స్ పుస్తకం గురించి చెప్పాలి. మా కార్యవర్గంలో ఒకరు గార్డు, ఒకరు డ్రైవరు, ఇద్దరు పాయింట్స్‌మెన్. ఒకరు బండి దిగేసరికి ఇంకొకరు ఎక్కేవాళ్లు. ఏడుగురం ఒకచోట కూర్చోవడం ఏడాదికి రెండుసార్లు జరిగితే గొప్ప. కాగితాల్లో మాత్రం నెలకో సమావేశం ఉండాలి. అందుకని నేనే ఒక పద్ధతి కనిపెట్టాను. పుస్తకం సంచిలో వేసుకుని సిగ్నల్ క్యాబిన్‌కీ, బండి సిబ్బంది పడుకునే రన్నింగ్ రూముకీ, పైడమ్మ నీళ్లు పట్టుకునే కొళాయి దగ్గరికీ వెళ్లేవాణ్ణి. ఖాళీ పేజీలకి అడుగున సంతకాలు తీసుకునేవాణ్ణి. పైన ఏం రాయాలో తర్వాత రాసేవాణ్ణి. మా సంఘంలో ముందు సంతకం, తర్వాత సమావేశం అని గార్డుగారు నవ్వేవారు. బల్లలు కొనడం, గోడలకి సున్నం, పలకల పంపకం అంతా అలాగే నడిచింది. ఎవరికీ నష్టం లేదు. నాకు మాత్రం అలవాటయింది.

గొడవ పిల్లల చాపల దగ్గర మొదలైంది. బాలవాడిలో మా క్వార్టర్ల పిల్లలూ లైను పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. కొందరు తల్లులకి అది నచ్చలేదు. మా పిల్లల్ని మానిపించేస్తామన్నారు. మా ఇంట్లోనూ అదే పాట. మా అమ్మాయి పక్కన పైడమ్మ మనవరాలు సింహాచలం కూర్చునేది. రెండు జడలు, పై పళ్లు రెండూ ఊడిన నవ్వు. మా అమ్మాయికి పేలు పట్టాయని మా అమ్మ, బడి నుంచి వచ్చిన పిల్లని నూతి దగ్గర తల తడిపితే గాని గడప తొక్కనిచ్చేది కాదు. నేను అమ్మని ఒక్క మాట అనలేదు. ఎందుకనలేదు? అమ్మంటే భయమా? కాదు. ఆమె అంటున్నది నాకూ లోపల ఎక్కడో సబబుగానే ఉండేది. ఈ వాక్యం రాయడానికి నాకు పన్నెండేళ్లు పట్టింది.

అధ్యక్షుడుగారు నన్ను పిలిచి, ఎవరి మనసూ నొప్పించకుండా పుస్తకంలోనే పని కానిచ్చేయమన్నారు. పైడమ్మతో ఎదురుగా చెబితే రచ్చ అవుతుందన్నారు. నేను కాదనలేదు. నన్ను బలవంతపెట్టారని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. చక్కబెట్టగలవాడివి నువ్వే అన్నారు, నేను ఉబ్బిపోయాను. అంతే జరిగింది.

ఆదివారం పూట వీధి గదిలో కూర్చుని, ఏడు సంతకాలున్న ఖాళీ పేజీ ఒకటి తీసి, పైన రాశాను. వచ్చే జూను నుంచి బాలవాడి స్టాఫు క్వార్టర్ల పిల్లలకే పరిమితమనీ, మిగతా పిల్లలకి వేరే ఏర్పాటు త్వరలో చూస్తామనీ, ఇది ఏకగ్రీవమనీ రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. పేజీ అడుగున అందరికన్నా పెద్దగా, రెండు గీతల జాగా తీసుకుని పైడమ్మ పేరు ఉంది. అది చూసి కూడా నా చెయ్యి ఆగలేదు.

బాలవాడికి సర్కారు గుర్తింపు కాగితాల కోసం ఆ తీర్మానం నకలు కోరాపుట్ పట్టుకెళ్లింది నేనే. లక్ష్మీపూర్ మీదుగా బస్సు. ఘాట్ రోడ్డు మీద మంచు, పసుపు వలిసె పూల పొలాలు. ఆఫీసులో పని గంటలో అయిపోయింది. ఎండలో నిలబడి అనాసపండు ముక్కలు తిన్నాను, పిల్లకి ఉన్ని టోపీ కొన్నాను. ఆ రోజు నాకు ఏ బాధా కలగలేదు. ఇప్పుడు తలుచుకుంటే భయమేసేది దానికే.

జూన్‌లో బడి తెరిచిన రోజున లైను పిల్లలు పదకొండుమందిని గుమ్మంలోంచే పంపించేశారు. ఆ ఆదివారం ఉదయం లైను మొత్తం వచ్చింది. పైడమ్మ అందరికన్నా ముందుంది, తగువు తీర్చే మనిషిలాగ. అధ్యక్షుడుగారు నిదానంగా పుస్తకం తెరిచి చదవమన్నారు. నేను చదివాను. కార్యవర్గంలో మీ మనిషి ఉంది, ఆమె సంతకం ఉంది, ఇంకేం కావాలని ఆయన అడిగారు. గార్డుగారికి, డ్రైవరుకి, అందరికీ ఆ సంతకాలు ఎలా తీసుకుంటానో తెలుసు. ఎవరూ తలెత్తలేదు.

పైడమ్మ అల్లుడు అప్పన్న ఆమె వైపు తిరిగాడు. “అత్తా, ఈ సంతకం నువ్వు ఎట్టినావేటి?” అన్నాడు.

ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుంది. తన పేరు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపింది. తర్వాత నా వైపు చూసింది. నేను చాలామంది కోపం చూశాను, అది కోపం కాదు. “నాదే. నానే ఎట్టినాను,” అంది.

జనం వెళ్లిపోయారు. అప్పన్న ఆమె కోసం ఆగలేదు. నేను కొళాయి దాకా వెంటపడ్డాను. తప్పయిపోయింది పైడమ్మా, ఖాళీ పేజీ అని ఎందుకు చెప్పలేదని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

“సెప్తే ఏటౌద్ది బాబూ? నిన్ను నాలుగు తిడతారు. నువ్వు తట్టుకుంతావు. మరి నీకాడ రాత నేర్సుకుంతున్న ఆడోల్లు? సంతకమెడితే ఇలాగవుద్దని తెలిస్తే రేపట్నుంచి ఒక్కర్తీ పలక ముట్టదు. ఆల్లని నేర్సుకోనీ.”

తీర్మానం మార్పిస్తానని అన్నాను. “మారిస్తే మార్సు. నాకు సెప్పకు,” అని కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది.

మార్పించలేదు. కొత్త తీర్మానం చిత్తు రాసుకున్నాను, జేబులో పెట్టుకు తిరిగాను. రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకున్నాను. అధ్యక్షుడుగారి కూతురి పెళ్లి అయ్యాక అడుగుదాం అనుకున్నాను. చొక్కా ఉతుక్కి వెళ్లి కాగితం ముద్దయింది, మళ్లీ రాయలేదు. వేరే ఏర్పాటు ఎవరూ చూడలేదు. ఆడవాళ్ల తరగతి మాత్రం ఇంకో ఏడాది నడిచింది, పైడమ్మ అనుకున్నట్టే. ఆమె ఒక్కర్తే రాలేదు. లైన్లో పెళ్లిళ్లకి ఆమెని పిలవడం మానేశారని విన్నాను. మున్సిపాలిటీ గుమాస్తా ఒకరోజు బజార్లో కనబడి, మీ శిష్యురాలు మళ్లీ వేలిముద్రకి వచ్చేసిందండీ అని నవ్వాడు. నేనూ నవ్వాను. నిజంగా నవ్వాను.

తర్వాత నాకు బదిలీ అయింది. ఆమె పోయిన సంగతి ఏడాది ఆలస్యంగా ఉత్తరంలో తెలిసింది.

పోయిన చలికాలం సంఘం వాళ్లు పాతవాళ్లందరికీ సన్మానమని పిలిస్తే వెళ్లాను. ఆ పెంకులు, ఆ వేపచెట్టు, షంటింగ్ ఇంజను కూత వింటే ప్రాణం లేచొచ్చింది. శాలువా కప్పారు. నా దస్తూరీని పొగిడారు. బయటికి వస్తే ఆకులు ఊడుస్తున్న ఒకామె పలకరించింది. పైడమ్మ కూతురు. పక్కన చీపురుతో ఇరవై దగ్గరపడుతున్న అమ్మాయి. సింహాచలం. గుర్తుపట్టి నవ్వింది, ఇప్పుడు పళ్లన్నీ ఉన్నాయి. చదువుకున్నావా అమ్మీ అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. తల్లి జవాబు చెప్పింది.

“ఒడియా బడి దూరం, ఎవులంపుతారు బాబూ. ఇక్కడ సదివించుదుమంటే మాయమ్మే సంతకమెట్టీసినాది. ఇంకెవుల్నంతాం?”

నా భుజం మీద శాలువా ఉంది. చుట్టూ తెలిసినవాళ్లున్నారు. అప్పుడు చెప్పొచ్చు. చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. బండి వేళయిందన్నాను.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. పైడమ్మ సంతకం పెట్టినప్పుడు ఆ పేజీలో ఒక్క అక్షరం లేదు. లైను పిల్లల్ని గెంటేసింది ఆమె కాదు. మేం ఆరుగురం. రాసిన చెయ్యి నాది. రాశాక ఇవాళ గుండె కొంచెం తేలికయింది, అబద్ధమెందుకు. కానీ ఈ మాట తెలిసింది మీకు. లైన్లో ఆ తల్లీ కూతుళ్లకి ఇంకా తెలియదు.