మైలుతుత్తం కలిసిన కుంట

తెలంగాణ వచ్చిన కొత్తలో నల్లగొండ దగ్గర మా బత్తాయి తోటకు బాపు డ్రిప్పు పైపులు వేయించాడు. బోరు ఒక్కటే చాలక, తోట పక్కనున్న కుంట నుంచి కూడా మోటారుతో నీళ్లు తోడేవాళ్లం. ఆ కుంట మాకూ పెద్దమ్మకూ ఉమ్మడిది. పెద్దనాయిన పోయాక ఆమె అందులో చేపలు పెంచుకుని బతికేది. తవుడు గంప చంకన పెట్టుకుని ఆమె గట్టెక్కితే చాలు, చేపలు ఒడ్డుకు వచ్చేవి.

ఒక ఎండాకాలం కుంట నిండా నాచు పట్టింది. అది ఫిల్టర్‌లో ఇరుక్కుని చెట్లకు నీళ్లందలేదు. మందుల దుకాణంలో ఎవరో చెప్తే బాపు మైలుతుత్తం తెచ్చాడు. రాగితో చేసే నీలం పలుకులవి. బత్తాయి మొదళ్లకు బంక తెగులొస్తే సున్నంలో కలిపి పూసేది కూడా అదే. మాకు కొత్త సరుకేమీ కాదు.

"చేపలకేమన్న అయితదా?" అని పెద్దమ్మ అడిగింది.

"ఏం గాదంట వదినె. నాచే సస్తదంట," అన్నాడు బాపు.

గోనెసంచిలో కట్టి, తాడుతో కుంటంతా ఈడ్చాడు. నాచు తెల్లబడి అడుక్కు దిగింది. నీళ్లు తేటపడి అడుగున రాళ్లు కూడా కనిపించాయి. ముగ్గురం గట్టు మీద నిలబడి సంబరంగా చూశాం.

ముందు నత్తలు చచ్చి తేలాయి. అవి పోతే పోయాయిలే అనుకున్నాం. మర్నాడు పొద్దున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. తవుడు చల్లినా ముట్టలేదు. బాపు ఉరికి బోరు నీళ్లు కుంటలోకి మళ్లించాడు. పెద్దమ్మ చీర ఎగ్గట్టి నడుములోతు దిగి, చేతికందిన చేపనల్లా గంగాళంలోని బోరు నీళ్లలో వేసింది. గంగాళాలు నేను మోశాను. మధ్యాహ్నానికి ఒక్కటీ కదల్లేదు. పెద్దమ్మ ఒక బొచ్చె చేప మొప్ప ఎత్తి చూసింది. ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి, జిగురు పేరుకుని ఉంది.

"ఊపిరాడక సచ్చినయి," అంది.

ఊళ్లోవాళ్లు కూరకు అడిగితే ఇవ్వలేదు. గుంత తీసి పూడ్చాం. అక్కడే బాపు తల దించుకుని, "నేనే సంపిన వదినె," అన్నాడు.

"తెల్వక చేసినవు. నేను గూడ సరే అన్న గద," అంది ఆమె. కానీ చాలా రోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

ఆ వానాకాలం కుంటలో కప్పల అరుపు కూడా వినిపించలేదు. చేపల శాఖ నుంచి వచ్చినాయన, వానలకు నీళ్లు మారతాయి గానీ రాగి కుళ్లి పోయేది కాదనీ, ఒండ్రులో ఉండిపోతుందనీ చెప్పాడు. మరుసటి ఎండాకాలం కుంట ఎండాక బాపు ఒండ్రంతా తీయించాడు. తోటకు వేయకుండా దూరంగా లోతు గుంతలో పూడ్పించాడు. ఫిల్టర్‌ను రోజూ తానే విప్పి చేత్తో కడిగేవాడు.

కుంట మళ్లీ నిండాక చేపపిల్లల సంచి పట్టుకుని పెద్దమ్మ ఇంటికి పోయాడు. అప్పటికే ఆమె మేకలు పెట్టుకుంది.

"ఇగ నాతోని గాదు. నువ్వే ఇడువు," అంది.

బాపే వదిలాడు. పిల్లలు బతికాయి. ఎదిగాక పట్టిన తొలి చేపను ఆమెకే పంపించాడు. ఆమె తీసుకుంది. వండిందో లేదో మేం అడగలేదు.