సామ కంకులు, పోయిన పీహెచ్‌డీ

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, మా ముంచింగిపుట్టు కొండల్లో చదువు కొనసాగించడమే కష్టం, ఆపేయడం సులువు. నాకు ఆపడమూ చేతకాలేదు. విశాఖలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ ముగించి, అక్కడితో చాలించాలా, పీహెచ్‌డీకి పోవాలా తేల్చుకోలేక ఇంటికొచ్చి పడ్డాను. చాలిస్తే ఆశ్రమ పాఠశాలలో టీచరు ఉద్యోగం. పోతే మరో ఐదేళ్లు హాస్టలు సాంబారు (అప్పటికే ఐదేళ్లు తాగాను). "సామల మీద చేస్తానన్నావుగా, సోమవారానికి పచ్చి కంకులు తెచ్చి చూపించు, సీటు నీదే" అని విశాఖలో బయల్దేరేటప్పుడే అన్నారు గైడుగారు.

"ఐదేళ్లూ సామల గురించే సదువుతావేటే గుంటా? ఇలా కూకో, నానొక్క పూటలో సెప్పేత్తాను" అంది నాయనమ్మ.

చిక్కేమిటంటే, కొత్త పండగ చేసి అమ్మవారికి పెట్టనిదే మా ఊళ్లో కొత్త పంట ఎవరూ కోయరు. పూజారికి జ్వరమొచ్చి ఆ ఏడు పండగ వాయిదా పడింది. నేను తినబోవడం లేదు, చదవబోతున్నాను కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకొని పది కంకులు కోశాను. చదివిన తెలివంతా ఉపయోగించి వాటిని పొయ్యి మీది అటకపై దాచాను. నాయనమ్మ చెయ్యి రోజుకు పదిసార్లు వెళ్లే చోటు అదే.

"కొత్త సెయ్యకుండా కోసేసినావేటే! ఊరికేటి సెప్పాల? బేగి ఇలాగియ్యి!" అంటూ వాటిని పట్టుకెళ్లి అమ్మవారి దగ్గర పెట్టేసింది. పండగయ్యేదాకా వాటిని ఎవరూ కదపకూడదు. సోమవారం దాటిపోయింది, నేను టీచరుగా చేరిపోయాను.

"నా మూలానే గుంటకి పెద్ద సదువు పోనాది" అని నాయనమ్మ బతికినన్నాళ్లూ వచ్చినవాళ్లందరితో చెప్పుకొని బాధపడేది. నేను తల వంచుకుని అంబలి తాగేదాన్ని.

అసలు సంగతి వేరు. కంకులు చేజారాయని నేను రాసిన ఉత్తరానికి గైడుగారు వెంటనే కార్డు ముక్క రాశారు. పండగయ్యాకే తీసుకురా, సీటు ఉంచుతానన్నారు. చదివి చదివి విసిగిపోయాననీ, ఇక నావల్ల కాదనీ ఒప్పుకోవడానికి సిగ్గేసి ఆ కార్డును పొయ్యిలో పెట్టేశాను. ఇప్పటికీ పిల్లలు "పీహెచ్‌డీ ఎందుకు చెయ్యలేదు టీచర్?" అనడిగితే నవ్వుతూ నాయనమ్మ మీదికే తోసేస్తాను. ముసలిదానికి మాత్రం ఒక్కసారైనా నిజం చెప్పి ఉండాల్సింది.