ఊరి పేరు చెప్పని లంకెలు

పోయిన శనివారం పొద్దున, ఆపరేషనైన కుడికంటికి కట్టుతో, ముందే మసకేసిన ఎడమకంటిని నమ్ముకోలేక, నంద్యాలలో మా ఇంటి వరండాలో కూర్చొని ఫోనును బతిమాలుకుంటున్నాను. మరునాడు ఆళ్లగడ్డలో మేం గుడి అని పిలిచే చర్చిలో మా అక్క జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టారు. ఆమె నిలబడే చోట నిలబడి ఆ ఆదివారపు బైబిలు పాఠం నేనే చెప్పాలని పాస్టరు అయ్యగారు కబురంపారు. చూసి చదివే భాగ్యం లేదు గనక విని కంఠస్థం చేయాలి. కోడలు ఫోనులో, తెరమీదిది చదివి వినిపించే గొంతును పెట్టి వంటింట్లోకి పోయింది. గుడి సంఘం వెబ్‌సైటు తెరిచి వేలు జరిపితే ఆ గొంతు "ఇక్కడ నొక్కండి, లింకు" అంది. ఇంకొంచెం జరిపితే మళ్లీ "ఇక్కడ నొక్కండి, లింకు". ఎక్కడికని నొక్కేది? కోడల్ని పిలిస్తే చిటికెలో పని. కానీ పిలవబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పాలంటే మా అక్క గురించి చెప్పాలి.

మా ఇంట్లో తరతరాలుగా వచ్చే ఆస్తి ఒకటుంది, నీటికాసులు. పేరులో కాసులున్నాయని ఆశపడకండి, అవి చూపును తినే కంటిజబ్బు. నాయనకు వచ్చింది, అక్కకు వచ్చింది, పంపకాల్లో అన్యాయం జరగకుండా నాకూ వచ్చింది.

నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బస్సు బోర్డులు సగం రంగు రాలి ఉండేవి, ఉన్న సగం బురద కప్పుకొని ఉండేది. అయినా ఎవరమూ తప్పిపోలేదు. కండక్టరు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, బస్సు రేకు మీద చరుస్తూ, "శిరివెళ్ల, నంద్యాల! శిరివెళ్ల, నంద్యాల!" అని గొంతు చించుకునేవాడు. చదువొచ్చినవాడికీ రానివాడికీ, కళ్లున్నవాడికీ లేనివాడికీ బండెక్కకముందే ఊరి పేరు చెవిన పడేది. ఒకసారి ఆళ్లగడ్డ బస్టాండులో అక్క ఓణీ చెంగు వదిలేసి, కిటికీ పక్క సీటు ఖాళీగా కనిపించిందని నంద్యాల పోవాల్సిన నేను పరుగెత్తి రుద్రవరం బస్సెక్కి కూర్చున్నాను. అక్క చెవి పట్టుకొని దింపింది. "ఊరి పేరు ఇనకుండా బస్సెక్కే మొద్దువు నువ్వొక్కనివేరా!" అంది. ఆ మాట నాకు మళ్లీ నలభై ఏళ్లకు గానీ ఉపయోగపడలేదు.

అక్క ఆళ్లగడ్డలో టీచరమ్మ అయింది. పెళ్లీ పిల్లలూ లేని ఆమెకు బడి ఒక కన్ను, ఆదివారం గుడిలో పాఠం చదవడం ఇంకో కన్ను. ఆమె చదువుతుంటే పసిపిల్లలు కూడా ఏడుపు ఆపేవారు. రెండు కళ్లూ పోయాక బడి వదులుకుంది గానీ పాఠం మాత్రం వదల్లేదు. శనివారం ఎవరి చేతనైనా చదివించుకొని, కంఠతా పట్టి, ఆదివారం చెప్పేది. ఆ చదివించుకోవడమే ఆమెకు ముల్లు. పక్కింటి పిల్లను పిలిస్తే, ఆ పిల్ల పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానంటూ పరుగులో చదివేది.

అప్పటికి నంద్యాలలో నాకు పెళ్లిపత్రికలు అచ్చువేసే కొట్టుంది. కంప్యూటరుంది కదా అని సంఘం వాళ్లు వెబ్‌సైటు చేయమంటే, రాదని చెప్పే ధైర్యం లేక ఒప్పుకున్నాను. లింకును తెలుగులో లంకె అంటారని తెలిసి, లంకెబిందెలు దొరికినంత సంబరపడ్డాను. తీరా చూస్తే లంకెలు మాత్రమే నాకు మిగిలాయి, బిందెలు ఎవరో ముందే ఎత్తుకుపోయారు. అక్కకు ఒక పాత కంప్యూటరు, తెరమీదిది చదివి వినిపించే గొంతు అమర్చి, ఇక నీకు ఎవరి అవసరమూ లేదని గొప్పగా కూర్చోబెట్టాను.

మా సీమలో దారి అడిగితే నోరు తెరవడం తక్కువ. గడ్డం ఎత్తి "ఆడ" అంటాం. దూరమైతే "ఆడా..." అని సాగదీస్తాం, ఎంత సాగితే అంత దూరమన్నమాట. వెబ్‌సైటులో నేను చేసిందీ అదే. పాఠం కోసం ఇక్కడ, కీర్తనల కోసం ఇక్కడ, అని రాసి ఒక్క 'ఇక్కడ'కే లంకె వేశాను. అక్క మీట నొక్కుతూ పోతే ఆ గొంతు లంకెలు మాత్రమే ఏరి ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని చదివింది. ఒకటి నొక్కితే చెప్పాపెట్టకుండా తెరమీద ఇంకో కిటికీ, అదే విండో, తెరుచుకుంది, వెనక్కి రాబోతే దారి లేదు.

"ఏందిరా ఇది? ఆడ ఈడ అని గడ్డమెత్తి చూపిస్తాండావు. నీ గడ్డం నాకేం కనపడ్తాదిరా?"

"అందరూ అట్లే రాస్తాండారుక్కా."

"అందరూ రుద్రవరం బస్సెక్కితే నువ్వూ ఎక్కుతావా? ఎక్కుతావులే, ఎక్కినోనివేగా!"

ఆ వేసవంతా ఆదివారం మధ్యాహ్నాలు ఆమె పక్కన కూర్చొని ఒక్కో లంకెకూ పేరు పెట్టాను. ఈ ఆదివారం పాఠం, పోయిన ఆదివారం పాఠం, కోతపండుగ కీర్తనలు. కొత్త కిటికీ తెరుచుకునేదైతే ఆ సంగతి ముందే చెప్పించాను. ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియని మా పాటల పెద్దాయన కోసం లంకెలన్నిటికీ రంగుతో పాటు కింద గీత కూడా పెట్టాను. అక్క ఒక్కొక్కటీ విని, "ఆ, ఇప్పుడు కండక్టరు అరుస్తాండాడు" అనేది. తర్వాతి నాలుగైదేళ్లూ శనివారం సాయంత్రాలు ఆమె తలుపేసుకొని, ఎవరినీ పిలవకుండా, తన పాఠం తాను నేర్చుకుంది. ఆ రోజుల్లో ఆమె నడకే వేరు.

తర్వాత సంఘంలోని యువకులు వెబ్‌సైటును అందంగా మార్పించారు. మంచి మనసుతోనే చేశారు, నిజంగా అందంగానే ఉంది. బొమ్మల కింద బొమ్మలు, ప్రతి బొమ్మ కిందా 'ఇంకా చదవండి'. అలా మార్చాక వచ్చిన మొదటి శనివారం అక్కకు వరుసగా వినిపించింది ఆ రెండు మాటలే. ఎవరినీ అడగడం ఆమెకు అలవాటు తప్పిపోయింది. పాతరోజుల్లో పాఠం ఉన్న వరుసను లెక్కపెట్టుకొని, అక్కడున్నదాన్ని నొక్కి, వచ్చినదాన్ని అయ్యగారు ఎంచిన పాఠమే అనుకొని శ్రద్ధగా కంఠస్థం చేసింది.

మరునాడు కోతపండుగ. గుడి నిండా జొన్నకంకులు, గుమ్మడికాయలు, వేలానికి తెచ్చిన కోళ్లు. అక్క నా భుజం మీద చేయి వేసి ముందుకు నడిచి, చేతులు కట్టుకొని మొదలుపెట్టింది. అది శ్రమల శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే పాఠం. సిలువ, చీకటి, గోరీ. ఒక్క అక్షరం తప్పలేదు. ఆమె గొంతు ఎప్పటికన్నా బాగుంది. ఎవరూ కదల్లేదు, ఒక కోడి మాత్రం కొక్కొక్కో అంది. ఆమె ముగించాక అయ్యగారు మెల్లగా ఆ రోజు పాఠం తానే చదివారు. అప్పుడు నా భుజం మీది చేయి బిగుసుకుంది.

ఇంటికి నడుస్తుంటే అడిగింది.

"ఒక్కరన్నా నవ్వినారారా?"

"లేదుక్కా."

"నవ్వింటే బాగుండు. అయ్యో పాపం అనుకున్యారన్నమాట."

యువకులను అడిగితే పాపం వెంటనే లంకెలకు మళ్లీ పేర్లు పెట్టారు. నేను పరుగున పోయి చెప్పాను. అక్క కంప్యూటరు మీద గుడ్డ సర్దుతూ, "ఇంగ వద్దులేరా, చిన్నోళ్లు చదువుకోనీ" అంది. ఆ గుడ్డ ఆమె పోయేదాకా తీయలేదు. వెబ్‌సైటు ఆ తర్వాత మళ్లీ మారింది, మళ్లీ 'ఇక్కడ' అయింది. మార్చినవాళ్లకు ఇదంతా ఎవరు చెప్పాలి?

శనివారం చివరికి కోడలే పాఠం చదివి వినిపించింది. ఓపిగ్గా, మూడుసార్లు. పొయ్యి మీద పాలు లేకపోయినా నాకు ఆ వాసనే వచ్చింది.

ఆదివారం తెల్లవారి నంద్యాల బస్టాండులో కోడలు నీళ్లసీసా కొనడానికి పోయింది. ఎర్రదీపాల అక్షరాలు బస్సుల నుదుటి మీద పరుగులు తీస్తున్నాయి, నాకవి నిప్పురవ్వల్లా కనిపిస్తున్నాయి. ఒక బస్సు వచ్చి నా ముందు ఆగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది. రేకు మీద ఎవరూ చరచలేదు, ఎవరూ అరవలేదు. పక్కనున్న మనిషిని అడిగాను.

"ఆళ్లగడ్డ బస్సు యాడుందప్పా?"

జవాబు వినిపించలేదు. ఆయన ఏ పాపమూ ఎరుగడు, గడ్డం ఎత్తి చూపించే ఉంటాడు.