కొండకి మోసుకెళ్లిన నూతి నీళ్లు

మా చిన్నప్పుడు... మహేంద్రగిరి వెళ్దామనుకున్నామంటే ముందు రోజు నుంచే ఇంట్లో హడావుడి. మా అన్నకీ నాకూ బట్టల గొడవ. నాన్నకి వ్యాను దొరికిందా లేదా అన్న గొడవ. అమ్మకి మాత్రం బిందె గొడవ. చింతపండుతో తోమి, పెరట్లో నూతి నీళ్లు తోడి నింపి, మూతికి పాత పంచె ముక్క వాసెన కట్టి గుమ్మం పక్కన పెట్టేది. పులిహోర మరిచిపోయినా ఊరుకునేదేమో గానీ, ఆ బిందె లేకుండా ఇల్లు కదిలేది కాదు.

మాది సోంపేట దగ్గర ఉద్దానం పల్లె. చుట్టూ కొబ్బరి, జీడి తోటలు. జీడి పూతకొచ్చి, పిక్కలు ఇంకా దిగని రోజుల్లో పెద్దవాళ్లకి కాస్త తీరిక దొరికేది. ఏటా అప్పుడో ఆదివారం వీధంతా కలిసి వ్యాను మాట్లాడుకుని కొండకి పోయేవాళ్లం. మందస దాటి మలుపులు మొదలయ్యాయంటే సగంమంది పిల్లలకి వాంతులే... అయినా కిటికీ పక్క సీటు ఎవరూ వదిలేవారు కాదు.

వ్యాను ఎక్కలేని చోట దిగి నడక. పైకెళ్లేకొద్దీ మబ్బు వచ్చి మొహానికే తగిలేది. భీముడి గుడి దగ్గర నాన్న రెచ్చిపోయేవాడు. ఆ బండలన్నీ భీముడు ఒక్క పూటలో పేర్చేశాడట, ఆ తర్వాత తనకి లాగే నడుం పట్టేసి వారం రోజులు మంచం దిగలేదట. దూరంగా సముద్రం సన్నటి గీతలా కనబడితే, అదిగో మన తోట, అదిగో అందులో మూడో కొబ్బరిచెట్టు అనేవాడు. మేం కళ్లు చికిలించి మరీ చూసి, కనబడిందని ఒప్పేసుకునేవాళ్లం.

ఆ నడకంతా అమ్మ నెత్తిన చుట్టకుదురు, దాని మీద బిందె. పక్కనే కొండవాగు... అడుగున ఇసుక కనబడేంత తేటగా ఉండేది. అందులో కాళ్లు పెట్టుకోవచ్చు, నోట్లో పోసుకోకూడదు. కొండ నీళ్లు తాగితే మన్యం జ్వరం వస్తుందని మా వైపు పెద్దవాళ్లందరి నమ్మకం. మా అమ్మొక్కతే కాదు, వ్యానులో ప్రతి ఇల్లాలూ సొంత నూతి నీళ్లు వెంట తెచ్చుకునేది. ఎవరి నూతి నీళ్లు తియ్యనివో పోటీలు కూడానూ...

ఒకసారి నాన్న ఆగలేక వాగు దగ్గర వంగి దోసిలి పట్టాడు. అమ్మ గబగబా వచ్చి ఆ చెయ్యి తట్టేసింది.

"ఒగ్గేయండి. మన నూతి నీల్లు ఇంత దూరం మోసుకొచ్చింది ఎందుకనుకున్నారేటి?"

నాన్న చెంబు అందుకుని గటగటా తాగేసి, అమృతమే అని మాకు కన్ను కొట్టాడు. అమ్మ మొహం చూడాలి అప్పుడు... ఎంత మురిసిపోయిందో.

నేను పెళ్లయి టెక్కలి వచ్చిన కొన్నేళ్లకి నాన్న కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు, వీధికి ఇద్దరు ముగ్గురు ఆ రోగంవాళ్లే. రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎంతొచ్చిందని అడుగుతారంతే. పలాసలో డయాలసిస్. ఒంట్లో నీరు చేరిపోతుందని, తాగే నీళ్లు కొలిచి ఇమ్మన్నారు డాక్టరుగారు. ఆ కొలిచే పని అమ్మ మీద పడింది. ఎండాకాలం మధ్యాహ్నాలు నాన్న పెదాలు తడారిపోయి గ్లాసు వైపు చూస్తుంటే, అమ్మ పెరట్లోకి వెళ్లిపోయేది.

ఒకరోజు ఆయన ఎప్పట్లాగే హాస్యమాడాడు.

"కొండ మీదకి బిందెడు మోసినావు... ఇప్పుడు గుక్కెడు పొయ్యడానికి సెయ్యి రాదేటే నీకు?"

అమ్మ నవ్వలేదు.

నాన్న పోయాక ఎవరో వచ్చి పరీక్షకని మా నూతి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. ఈ రోగం నీళ్ల వల్లే అంటారు కొందరు, ఎండలో రెక్కలు ముక్కలు చేసుకోవడం వల్ల అంటారు కొందరు, నొప్పుల మాత్రలంటారు ఇంకొందరు. ఇదీ కారణం అని తేల్చి మాకు చెప్పినవాళ్లు లేరు. అమ్మ మాత్రం తనంతట తాను తేల్చేసుకుంది. అప్పట్నుంచి ఎవరికీ తన చేత్తో మంచినీళ్లివ్వదు. చుట్టం గుమ్మంలో అడుగుపెడితే చెంబుతో ఎదురెళ్లే మనిషి... ఇప్పుడు కుళాయి చూపించి ఊరుకుంటుంది. తెలియనివాళ్లు పొగరనుకుంటారు. వాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న జీడి పూతప్పుడు అమ్మనీ, మా పాపనీ కారులో మహేంద్రగిరి తీసుకెళ్లాను. గాలి మారితే మనసు కాస్త తేలికపడుతుందేమోనని ఆశ. ఇప్పుడు అందరి చేతుల్లోనూ కొన్న సీసాలే. మా పాప మాత్రం సీసా పక్కన పడేసి వాగులో వంగి తాగేసింది. అమ్మ వద్దనలేదు. అక్కడే బండ మీద కూర్చుండిపోయి, కాసేపటికి నన్ను పిలిచింది.

"అమ్మీ... మీ నాన్నకి ఆ నీల్లు పోసింది నా సెయ్యే కదేటి?"

అందరం అవే తాగాం కదమ్మా, నువ్వూ తాగావు, నీకేమైంది అన్నాను. ధైర్యం చెప్తున్నాననే అనుకున్నాను.

"అదేనమ్మీ... నాకేటీ అవనేదు" అంది.

లేచి పాప చెయ్యి పట్టుకుని కారు వైపు నడిచింది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తలేదు.

కొండకెళ్లి మీరేం చూశారో, ఏం తిన్నారో కింద కామెంట్లలో తీరిగ్గా రాద్దురు గానీ... మా ఉద్దానం వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ముందు ఒక్కటి చెప్పండి. మీ ఇంట్లో కూడా ఇలా అడిగిన అమ్మ ఉంటే, ఆవిడకి మీరేం చెప్పారు? మా అమ్మ రేపు మళ్లీ అడిగితే నేనూ అదే చెప్పి చూస్తాను.